కెప్టెను అయినాకే కాపురం

మదరాసు,
3-7-1961

పూజ్యులు పద్మనాభయ్య బావగారికి,

కామాక్షయ్య నమస్కారాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మెస్సులో సాంబారు కూడా ఎప్పటిలాగే ఉంది. మా అక్కయ్య, మీ అమ్మగారు, మీ ఎద్దులు అందరూ కులాసా అని తలుస్తాను.

మీతో ఒక పని పడింది. మా ప్రెస్సు యజమాని గ్రంథాలయాల కోసం 'లోకవీరులు' అని వరసగా పుస్తకాలు వేస్తున్నారు. పేరున్న వీరులనందరినీ పెద్ద ఉద్యోగులు పంచేసుకున్నారు. ప్రూఫులు దిద్దుకునే నా వంతుకు మిగిలింది ఒక జర్మనీ దొర. పోయిన శతాబ్దంలో ప్రష్యా రాజుగారి గుర్రపు దళంలో పనిచేశాడు. పేరు ఎబర్‌హార్ట్ ఫాన్ క్లుట్‌విట్స్. ఆయన మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం మా యజమానికి పాతపుస్తకాల అంగట్లో దొరికింది. దొరికింది కాబట్టి ఆయన వీరుడు. అంతకు మించి కారణం నాకు కనబడలేదు. నలభై ఏళ్ళు సర్వీసు చేశాడు గానీ కత్తితో ఎవరినైనా కొట్టినట్టు ఎక్కడా లేదు.

సెప్టెంబరు నెలాఖరులోగా ఈ దొర చరిత్ర తెలుగులో రాసి ఇస్తే నన్ను పర్మనెంటు చేస్తామన్నారు. మా మామ నరసయ్యగారి పట్టు మీకు తెలియనిది కాదు. "ఉద్యోగం పర్మనెంటు అయిన్నాడు పిల్లను పంపిస్తా. టెంపరరీ మనిషికి టెంపరరీగా కూడా పంపను" అని పెళ్ళయిన నెలకే చెప్పేశారు. ఆనందకుమారి చిట్టమూరులో పుట్టింట్లోనే ఉంది. ఆషాఢం అందరికీ ఒక నెల. నాకు మూడేళ్ళ నుంచీ ఆషాఢమే.

ఇక మీ పని. నా రాతప్రతి చూసి మా కంపోజిటరు, సమాధానం అని పేరు, దండం పెట్టాడు. "సార్, కోడి గెలికిన దాన్ని నేను అచ్చుకు పెట్టలేను" అన్నాడు. గూడూరు తాలూకా ఆఫీసులో ముప్పై ఒక్క సంవత్సరాలు నకళ్ళు రాసిన చెయ్యి మీది. నేను అధ్యాయం అధ్యాయంగా పంపుతాను, మీరు శుభ్రంగా తిరగరాసి పంపాలి. నా దగ్గర ఇంకో ప్రతి లేదు, జాగ్రత్త. మొదటి అధ్యాయం ఇందులోనే పెట్టాను.

ఇట్లు మీ బావమరిది, టెంపరరీ,
కామాక్షయ్య


మనుబోలు,
11-7-1961

చిరంజీవి కామాక్షయ్యకు ఆశీర్వచనాలు.

నీ ఉత్తరమూ మొదటి అధ్యాయమూ పోస్టుమాను హజరత్తయ్య తెచ్చి ఇచ్చినాడు. ఇంట్లో అందరం బాగున్నాము. అమ్మ మోకాళ్ళు మాత్రం ఎండాకాలమంతా ఊరుకొని ఇప్పుడు తమ కష్టం చెప్పుకుంటున్నాయి.

మీ కంపోజిటరు చెప్పింది సబబు కాదు. కోడి అయితే ఒక వరసలో గెలుకుతుంది. నేను భూతద్దం పెట్టుకొని, రిటైరైన రోజు పెట్టెలో పడేసిన కలం తీసి, అధ్యాయం ముగించినాను. దీనితోపాటు పంపుతున్నాను.

నాకొక అలవాటు నీకు తెలుసు. రాసేది పైకి చదవకుండా నా చెయ్యి కదలదు. ఆఫీసులో కూడా అంతే. రహస్యపు కాగితాలు నాకు ఇచ్చేవాళ్ళు కారు. కాబట్టి నీ దొర కథ వసారాలో కూర్చున్న అమ్మ చెవిన పడింది. ఎనభై రెండేళ్ళ మనిషి, రెండు గంటలు కదలకుండా విన్నది. "పదకొండేండ్ల బిడ్డను గుర్రాల బడిలో పడేసినారా? తలకు నీళ్ళెవరు పోస్తారు?" అని అడిగింది. ఆయన గోత్రమేమో, ఎక్కిన గుర్రం ఏ రంగో కనుక్కోమన్నది. ఫాన్ అనేది ఇంటిపేరు అని నేను చెప్పినాను. పొరపాటైతే రాయి. క్లుట్‌విట్స్ అనేందుకు ఆమెకు పళ్ళు లేవు కాబట్టి గుర్రాల దొర అని పేరు పెట్టింది.

పద్దెనిమిదేళ్ళకు చిన్న లెఫ్టినెంటు అయినాడు అన్నావు. తర్వాత ప్రమోషను ఎప్పుడు వచ్చింది? నేను ఇరవై నాలుగేళ్ళకు కాపీ గుమాస్తాగా చేరి యాభై అయిదుకు కాపీ గుమాస్తాగానే దిగినాను. నా ఆత్రం వేరే చెప్పనక్కర లేదు. తొందరగా రెండో అధ్యాయం పంపు.

మీ అక్క, నువ్వు రాత్రిళ్ళు మజ్జిగ తాగవద్దని రాయమన్నది.

ఆశీస్సులతో,
పద్మనాభయ్య


మదరాసు,
24-7-1961

బావగారికి నమస్కారాలు.

మీ దస్తూరి చూసి సమాధానం కాగితం కళ్ళకద్దుకున్నాడు. నేను ఒక్క అక్షరం కూడా చదవలేదు. చదవాల్సిన అవసరమేముంది? నేరుగా అతని చేతికి ఇచ్చేశాను. ఇక మీదట మీరు పంపినవి పంపినట్టు అతనికే పోతాయి.

అత్తమ్మకు చెప్పండి: జర్మనీవాళ్ళకు గోత్రాలు లేవు, ఫాన్ ఇంటిపేరు కాదు, పెద్ద ఇంటివాళ్ళకు పెట్టుకునే గౌరవం మాట. గుర్రం రంగు పుస్తకంలో లేదు. ఎర్రదని చెప్పండి.

ప్రమోషను సంగతి అడిగారు. ఓపిక పట్టండి. పద్దెనిమిదేళ్ళపాటు లెఫ్టినెంటు గానే ఉన్నాడు. ఆ దేశంలో అప్పుడు యుద్ధం లేదు. యుద్ధం లేకపోతే పైవాడు చావడు, పైవాడు చావకపోతే కిందివాడు పైకి జరిగే దారి లేదు. రోజూ గుర్రాన్ని ఎక్కడం, దిగడం, మళ్ళీ రుద్దించడం. ఇంతే మన వీరుడి ఘనత.

మూడో అధ్యాయంలో పెళ్ళి మాట వస్తుంది. 1841లో విల్హెల్మిన అనే పిల్లతో నిశ్చితార్థమయింది. కానీ లెఫ్టినెంటుకు పెళ్ళి చేసుకోవడానికి రెజిమెంటు అనుమతి ఉండాలి, సంసారం నడిపే ఆస్తి చూపించాలి. ఈయనకు ఆస్తి లేదు. ఆ పిల్ల తండ్రి "కెప్టెను అయినాకే" అన్నాడు. కెప్టెను అయింది 1855లో. పద్నాలుగేళ్ళు. ఆ తండ్రిని గురించి రాసేటప్పుడు నా కలం కొంచెం ఎక్కువగా నడిచింది. అందుకు కారణం అడగకండి.

నిన్ననే ఆనందకుమారి ఉత్తరం వచ్చింది. వాళ్ళ నాన్న నా ఉద్యోగం మాట ఎత్తినప్పుడల్లా తను లేచి పొయ్యి దగ్గరికి పోతున్నదట. "ఈ మధ్య రోజంతా పొయ్యి దగ్గరే ఉంటున్నాను" అని రాసింది. చదివి నేను ఆ పూట అన్నం తినలేకపోయాను.

రెండు, మూడు, నాలుగు అధ్యాయాలు పంపుతున్నాను.

మీ
కామాక్షయ్య


మనుబోలు,
10-8-1961

చిరంజీవి కామాక్షయ్యకు ఆశీస్సులు.

మూడు అధ్యాయాలూ రాయడం అయింది. రిజిస్టరు చేసి పంపినాను. రసీదు భద్రంగా ఉంది.

మూడో అధ్యాయం వల్ల మా ఇంట్లో మూడు రోజులు ప్రశాంతి లేదు. ఆ పిల్లను అమ్మ మిన్నమ్మ అంటుంది. మిన్నమ్మ పెళ్ళికి ఇంకా పద్నాలుగేళ్ళు ఉందని నేను చదివేసరికి, "ఏందిరా, నిశ్చయం చేసుకున్న పిల్లను పద్నాలుగేండ్లు వాకిట్లో కూర్చోబెడతారా? ఆ రాజుకు ఆడబిడ్డలు లేరా?" అని నా మీదికి వచ్చింది. నేను ఆ రాజును కాదని చెప్పినా వినలేదు. మరుసటి రోజు వీథిలో పోయే వాళ్ళను పిలిచి మరీ చెప్పింది. ఎవరికీ సగం కూడా అర్థం కాలేదు గానీ అందరూ ఆ తండ్రిని తిట్టి పోయినారు.

ఆ తండ్రిని నువ్వు బాగా రాసినావు. మీసం మెలి తిప్పడం, "మాట అంటే మాటే" అనడం, గొంతు సవరించుకొని తువ్వాలు దులపడం. జర్మనీలో కూడా భుజాన తువ్వాలు వేసుకుంటారని నాకు తెలియదు. మీ మామ ఈ పుస్తకం చదవకుండా చూసుకో.

నాలుగో అధ్యాయం నేను అమ్మకు అంతా చదవలేదు. కొంత పెదవులు కదపకుండా రాసినాను. ఇన్నేళ్ళలో అట్లా రాయడం అదే మొదటిసారి. చాలా కష్టమయింది.

ఒక చిన్న సవరణ అవసరమనిపించి చేసినాను. నీకు చెప్పవలసినంత పెద్దది కాదు.

మిగతావి పంపు. యుద్ధం ఎప్పుడు వస్తుందని అమ్మ అడుగుతున్నది.

ఆశీస్సులతో,
పద్మనాభయ్య

మీ అక్క: మజ్జిగ సంగతికి జవాబు రాయలేదు.


మదరాసు,
4-9-1961

బావగారికి,

నమస్కారం. ఇంతకన్నా పొడుగ్గా మర్యాదలు రాసే స్థితిలో లేను.

రెండు వారాల కింద మూడు, నాలుగు అధ్యాయాల ప్రూఫులు నా బల్ల మీదికి వచ్చాయి. నా పుస్తకం నేనే దిద్దుకోవడం ఎంత సుఖం అనుకుంటూ కూర్చున్నాను. రెండో పేజీలో దొరగారు 1846లో కెప్టెను అయిపోయారు. తొమ్మిదేళ్ళు ముందు. అదే సంవత్సరం పెళ్ళి. నేను రాయని పెళ్ళి భోజనం కూడా ఉంది, అందులో బూరెలు ఉన్నాయి.

అంతటితో పోలేదు. నాలుగో అధ్యాయం మొదట్లో, 1850లో లెఫ్టినెంటు హోదాలో గుర్రాలు కొనడానికి పోయాడని నేను రాసిన వాక్యాన్ని మీరు దిద్దడం మరిచిపోయారు. సమాధానం తల గోక్కుంటూ వచ్చాడు. "సార్, నలభై ఆరులో కెప్టెను, యాభైలో మళ్ళీ లెఫ్టినెంటు. లంచం తీసుకొని దొరికిపోయినాడా?" అని అడిగాడు. నేనేం చెప్పను? యజమాని పక్క గదిలో ఉన్నారు. సమాధానాన్ని బతిమిలాడి, కట్టిన అచ్చుల ఫారాలు రెండు విప్పించి, మళ్ళీ పేర్పించి, ఎవరికీ తెలియకుండా 1855 చేయించాను. అతనికి రెండు ఆదివారాలు పోయాయి.

బావగారూ, మీరు పెద్దవారు. అయినా అడుగుతున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క కామా కూడా మార్చలేదని పేరున్న మనిషి మీరు. నా పర్మనెంటూ, ఆనందకుమారి రావడమూ ఆధారపడి ఉన్న ఈ ఒక్క పుస్తకంలోనే మీకు ఆ బుద్ధి ఎందుకు పుట్టింది? చరిత్రలో ప్రమోషన్లు మీరూ అత్తమ్మా ఇస్తారా?

అయిదూ ఆరూ అధ్యాయాలు మీరు పంపినవి అక్షరం అక్షరం చూశాను. ఆస్ట్రియా యుద్ధంలో దొర గుర్రాల దాణా బండ్లకు కాపలా కాశాడు, ఫ్రాన్సు యుద్ధంలో గుర్రం బెదిరి శత్రువుల వైపు పరుగెత్తితే దళమంతా ఆయన వెంట పోయింది, దానికి పతకం ఇచ్చారు. అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. సంతోషం. వాటిల్లో కూడా మీరేమైనా శత్రువులను చంపించి ఉంటారేమోనని భయపడ్డాను.

చివరిదైన ఏడో అధ్యాయం రేపో ఎల్లుండో ముగించి పంపుతాను. ఉన్నది ఉన్నట్టు రాసి ఇరవై అయిదో తేదీలోపల పంపండి. ఇంగ్లీషు పుస్తకం యజమాని ఎవరికో ఇచ్చేశారు, మళ్ళీ చూసి రాసే వీలు లేదు.

కామాక్షయ్య

అక్కయ్యకు: మజ్జిగ తాగడం లేదు.


మనుబోలు,
11-9-1961

చిరంజీవి కామాక్షయ్యకు పద్మనాభయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు కోప్పడింది న్యాయమే. తప్పు ఒప్పుకుంటున్నాను. బూరెలు అమ్మ చెప్పితే పెట్టినాను, దానికి నా పూచీ లేదు.

ప్రమోషను మాత్రం నా పనే. కారణం చెబుతాను. నాలుగో అధ్యాయంలో నువ్వు ఒకే వాక్యం రాసినావు. 'వివాహమైన మూడవ సంవత్సరమున, 1858లో, విల్హెల్మిన జ్వరముతో మరణించెను.' అంతే. తర్వాతి వాక్యంలో మళ్ళీ గుర్రాలు. కామాక్షయ్యా, నీకు అది ఒక తేదీ. నేను ఆ వాక్యం దగ్గర కలం పట్టుకొని కూర్చుండిపోయినాను. పద్నాలుగేళ్ళు ఎదురుచూసి మూడేళ్ళు కాపురం చేసింది. చావు తేదీ మార్చేంత ధైర్యం నాకు లేదు. పెళ్ళి తేదీ అయితే ముందుకు జరపవచ్చు అనిపించింది. తొమ్మిదేళ్ళు జరిపినాను. పన్నెండేళ్ళయినా కలిసి ఉంటారని. ముప్పై ఒక్క ఏళ్ళు ఇతరుల ప్రమోషను ఆర్డర్లు నకళ్ళు రాసినాను. ఒక్కటి నా చేత్తో ఇచ్చినాను. అది కూడా నువ్వు రద్దు చేసినావు. పోనీలే, నీ ఉద్యోగం ముఖ్యం.

అమ్మకు ఆ వాక్యం చదవలేదు. మిన్నమ్మ ఇంకా ఉందనే అనుకుంటున్నది.

ఇప్పుడు అసలు సంగతి. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ రాయక తప్పదు. నీ ఏడో అధ్యాయం ఈ రోజు పొద్దున వచ్చింది. నేను నారుమడి దగ్గర ఉన్నాను. అమ్మ ఆగలేదు. మీ అక్కను చదవమన్నది. నువ్వు మొదటి వాక్యంలోనే దొరను చంపేసినావు. '1889వ సంవత్సరం మార్చి నెలలో ఒక మంగళవారమునాడు ఆయన కన్ను మూసెను' అని మొదలుపెట్టి తర్వాత వెనక్కి పోతావని మీ అక్కకేం తెలుసు? చదివేసింది.

మన వైపు చావు కబురు తెచ్చిన కాగితం ఇంట్లో పెట్టుకోరని నీకు తెలుసు కదా. అమ్మ ఊరుకుంటుందా? లేచి, మీ అక్క చేతిలోని కాగితాలన్నీ, పదిహేడు పేజీలూ లాక్కొని, చించి, వాకిలి దాటి కాలవలో వేసింది. వంట దించేయమన్నది. ఇంటిల్లిపాదికీ తలస్నానాలు. నేను పొలం నుంచి వచ్చేసరికి ఇద్దరూ జుట్టు విరబోసుకొని తడిగుడ్డలతో ఉన్నారు. నాకూ రెండు చెంబులు నెత్తిన పోసినాకనే సంగతి చెప్పినారు. స్నానం కాకముందు పోయినవాళ్ళ పేరు ఎత్తకూడదట.

ఆ హడావిడిలోనే పేరమ్మ వచ్చింది. చిట్టమూరు పక్కనించి రైల్లో ఎండుచేపలు తెచ్చి అమ్ముతుందే, ఆమె. వాకిట్లో నిలబడి "ఎవురమ్మా పొయ్యింది?" అని అడిగినా వీళ్ళు జవాబు చెప్పలేదు, అమ్మ దూరంగా ఉండమని చెయ్యి ఊపింది. పేరమ్మ హజరత్తయ్యను ఆపి, ఉత్తరం యా వూర్నించి వచ్చిందని అడిగిందట. ఆయన మదరాసు అన్నాడు. గంప ఎత్తుకొని అప్పుడే స్టేషనుకు పోయింది. మీ అక్క రొయ్యపొట్టు తీసుకుందామనుకున్నది, దక్కలేదు.

కాబట్టి ఏడో అధ్యాయం మళ్ళీ రాసి పంపవలసింది. నీకు జ్ఞాపకం ఉన్నంత రాయి. ఈసారి చావును చివర్లో పెట్టు. వరస చూసి నేను అమ్మను పక్కింటికి పంపుతాను.

నీ మీద ఎంతో అభిమానంతో,
పద్మనాభయ్య


మదరాసు,
15-9-1961

బావగారికి, అక్కయ్యకు, అత్తమ్మకు నమస్కారాలు.

నేను బతికే ఉన్నాను. ఈ మాట ముందుగా రాస్తే మంచిదని ఆనందకుమారి చెప్పింది. ఆమె ఈ గదిలోనే, నా పక్కనే కూర్చొని ఉంది.

మీ ఉత్తరం అందేసరికి పదమూడో తేదీ సాయంత్రమయింది. నా చావు కబురు ఆ రోజు పొద్దుననే వచ్చింది. మీ పేరమ్మ మనుబోలులో రైలెక్కి నాయుడుపేటలో దిగి, ఊరు చేరి, తెల్లారి మా మామ వాకిట్లో గంప దించి ఏడ్చిందట. "మదరాసు కాగితం వచ్చినాది. మీ అల్లుడి అక్క జుట్టు విరబోసుకొని తడిగుడ్డలతో ఉండాది. కాగితం చించేసినారు. నేనడిగితే చెప్పబుద్ధి గాక ముసలామె చెయ్యి ఊపినాది" అని. పేరమ్మను తప్పు పట్టడానికి లేదు. నేనైనా అట్లాగే అనుకునేవాణ్ణి.

ఆ రాత్రి రైలుకే మా మామా ఆనందకుమారీ బయల్దేరారు. నా గది తాళం వేసి ఉండడం చూసి మామ అక్కడే కూలబడ్డారట. ఇంటివాళ్ళు ప్రెస్సుకు పొమ్మంటే వచ్చారు. నేను కిటికీ దగ్గర కూర్చొని ఆరో అధ్యాయం దిద్దుతున్నాను. తల ఎత్తితే గుమ్మంలో ఆనందకుమారి. పెళ్ళయిన నెల తర్వాత ఈ మూడేళ్ళలో నేను ఆమెను చూసింది నాలుగుసార్లు, ప్రతిసారీ పదిమంది మధ్య. ఆమె ఏడవలేదు. నేరుగా వచ్చి, నా చెయ్యి పట్టుకొని, వేళ్ళకున్న ఎర్రసిరా తన కొంగుతో తుడిచింది. తుడుస్తూనే ఉంది. సమాధానం, ఇంకా ఇద్దరు కుర్రవాళ్ళూ అచ్చులు పేర్చడం ఆపి చూస్తున్నారు. నాకు సిగ్గు వేయలేదు బావగారూ. నా జన్మలో అంత సంతోషం నేను ఎరగను, అంత భయం కూడా ఎరగను. నేను నిజంగా పోయి ఉంటే ఈ ముఖం ఎప్పటికీ ఇట్లాగే ఉండిపోయేదా అనిపించింది.

మామ కాగితం కట్టల మీద కూర్చొని పిల్లవాడిలా ఏడ్చారు. అదంతా అయిదు నిమిషాలు. తర్వాత కళ్ళు తుడుచుకొని, "బతికుండే మనిషి ఒక కార్డు ముక్క రాయగూడదా?" అని నన్ను తిట్టారు. నేను బతికి ఉన్నానని కార్డు రాయాలని నాకెట్లా తోస్తుంది? ఈ లోపల యజమాని వచ్చారు. ఎవరో పోయారని విని విచారంగా వచ్చి, పోయినవాణ్ణి నేనేనని తెలిసి, వచ్చిన దారినే లోపలికి పోయారు. ఆ పూట సెలవు ఇచ్చారు.

మరునాడు పొద్దున మామ తువ్వాలు దులిపి, "పద అమ్మాయ్, బండి టైమయింది" అన్నారు. ఆనందకుమారి కదలలేదు. "అబ్బాయి ఉద్యోగం ఇంకా టెంపరరీనే గదా, మాట అంటే మాటే" అని ఆయన మొదలుపెట్టారు. అప్పుడు ఆమె నా ముందరే, గొంతు పెంచకుండా అన్నది: "నాయనా, రైల్లో రాత్రంతా నీ పక్కన కూర్చొని, ఈయనతో నేను ఎన్ని దినాలు ఉండినానని లెక్కేసుకున్నా. ఇరవై ఆరు దినాలు. మనిషే పర్మనెంటు కాదని నాకు ఆ రాత్రి తెలిసింది. ఉద్యోగం పర్మనెంటు అయిందాకా నేను ఆగను."

మామ చాలా కోపంగా పోయారు. పెట్టె, గుడ్డలు, సామాను ఏదీ పంపనన్నారు. కట్టుబట్టతో ఎన్నాళ్ళుంటుందో చూస్తానన్నారు. ఆమె వెనక్కి కూడా తిరిగి చూడలేదు గానీ, ఆయన మెట్లు దిగినాక పొయ్యి దగ్గరికి పోయి ఏడ్చింది. తండ్రి మనసు విరిచానని నిన్నటి నుంచీ కుమిలిపోతున్నది. నాకు అదొక్కటే బాధగా ఉంది. సమాధానం తన భార్య నవోమి చీర ఒకటి తెచ్చి ఇచ్చాడు.

ఏడో అధ్యాయం మళ్ళీ రాస్తున్నాను. ఎనిమిది పేజీలే వచ్చాయి. ఇరవై ఒకటో తేదీకి మీకు అందుతుంది. పర్మనెంటు సంగతి యజమాని నెలాఖరుకు చూద్దాం అంటున్నారు.

ఇంకొకటి. నాలుగో అధ్యాయంలో మీరు చెప్పిన ఆ ఒక్క వాక్యం ఆనందకుమారికి చదివి వినిపించాను. ఆమె నా వైపు చూసి, "ఇంతేనా రాసింది?" అన్నది. దాన్ని తీసేసి రెండు పేజీలు రాశాను. అవీ, ఎక్కడ చేర్చాలో తెలియడానికి మూడు, నాలుగు అధ్యాయాల ప్రూఫులూ కూడా పంపుతున్నాను. తేదీలు మాత్రం మార్చలేదు.

మీ
కామాక్షయ్య


మనుబోలు,
23-9-1961

చిరంజీవి కామాక్షయ్యకు, చిరంజీవి సౌభాగ్యవతి ఆనందకుమారికి ఆశీర్వచనాలు.

ఏడో అధ్యాయం, నాలుగో అధ్యాయంలోని రెండు పేజీలూ రాసి ఈ రోజే వేరే కవరులో రిజిస్టరు చేసినాను. ఒక్క అక్షరం మార్చలేదు. కావలిస్తే నీ ప్రతితో సరిచూసుకో, అది కూడా కవరులో పెట్టినాను.

నిన్న మధ్యాహ్నం మీ మామ మా ఇంటికి వచ్చినాడు. చింపిన ఉత్తరం సంగతి తేల్చుకొని, నాతో పోట్లాడి పోదామని చిట్టమూరు నుంచి పనిగట్టుకొని వచ్చినాడు. మీ అక్క మజ్జిగ ఇస్తే తాగలేదు. "ఎవురో చచ్చిపోతే మా కొంప మీదికి తెస్తారా? ఆ దొర ఎవుడు, వాడి కత ఏంది?" అని అడిగినాడు. నేను అప్పుడు ఆ రెండు పేజీలే రాస్తున్నాను. నా అలవాటు నీకు తెలుసు. నోటితో జవాబు చెప్పడం నాకు చేతకాదు గనుక కూర్చోమని చెప్పి మూడో అధ్యాయం నుంచి చదవడం మొదలుపెట్టినాను. ప్రూఫులు నువ్వు పంపినవి ఉన్నాయి కదా.

ఆయన నిలబడే విన్నాడు. తర్వాత కూర్చున్నాడు. మిన్నమ్మ తండ్రి "కెప్టెను అయినాకే" అనే చోట ఆయన తల ఊపి, "ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ఆడపిల్ల తండ్రి గదా" అన్నాడు. తువ్వాలు గుర్తుపట్టినాడో లేదో నాకు తెలియదు. అయిదేళ్ళు, పదేళ్ళు, ఇంకా మిన్నమ్మ పుట్టింట్లో ఉన్నదని చదివేసరికి, "ఇంకా పంపలేదా?" అన్నాడు. పద్నాలుగో ఏడు వచ్చేసరికి, "వాడి మొహం మండ, వాడికి కూతురంటే ప్రాణం లేదా?" అన్నాడు. అమ్మ, "నేనూ అదే అన్నా నాయనా" అన్నది.

పెళ్ళి అయింది. ఇద్దరూ సంతోషించినారు. మజ్జిగ ఇటు తెమ్మని చెయ్యి చాపినాడు. అప్పుడు నీ రెండు పేజీలు వచ్చినాయి. అమ్మను లేపి పంపాలని తోచింది గానీ, కామాక్షయ్యా, నువ్వు అంత బాగా రాసినాక మధ్యలో ఆపడం నా వల్ల కాలేదు. ఆ పిల్ల జ్వరంలో మొగుడి కోటు గుండీ కుట్టిపెట్టడం, "ఇంకో మూడేళ్ళు ఉండి ఉంటే బాగుండేది" అనడం, అంతా చదివినాను. 

అమ్మ కాగితం అడగలేదు, చించలేదు. ఊరికే లేచి నీళ్ళు పోసుకోవడానికి బావి దగ్గరికి పోయింది. మీ మామ మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "ఎన్నేండ్లు ఉండిందన్నా, మూడేండ్లేనా?" అని అడిగినాడు. మూడేళ్ళే అన్నాను. "నువ్వు గుమాస్తావి గదన్నా, ఒక అంకె అటూ ఇటూ వేసుండగూడదా?" అన్నాడు. ప్రయత్నించినాను, అచ్చులో తీసేసినారు అన్నాను.

 కొంతసేపటికి తువ్వాలు తీసి పక్కన పెట్టి, ఆయన కూడా బావి దగ్గరికి పోయి తలమీద నీళ్ళు పోసుకున్నాడు. రాత్రి ఉండమన్నా ఉండలేదు. తడి తలతోనే సాయంత్రం బండికి పోయినాడు.

పోతూ చెప్పమన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. ఆనందకుమారి పెట్టె, రెండు బిందెలు, మూట బియ్యం తీసుకొని బుధవారం ప్యాసింజరుకు తానే వస్తున్నాడు. స్టేషనుకు నువ్వు రావద్దట, నీ ముఖం చూడడానికి ఇంకో రెండు దినాలు పడుతుందట. అమ్మాయిని పంపమన్నాడు.

ఆశీస్సులతో,
పద్మనాభయ్య